థార్ ఎడారిలో ఒంటరిగా సైకిల్ మీద, రాత్రి టెంట్‌లో: నీళ్ళ లెక్క ఎలా వేసుకోవాలి?

మధురవాడ రైడర్:

నమస్కారం అండీ. నాది మధురవాడ, వయసు 29, బ్యాంకులో ఉద్యోగం. నాలుగేళ్ళ నుంచి సైకిల్ తొక్కుతున్నాను. పోయిన జనవరిలో ఒక్కదాన్నే అరకు వెళ్ళి వచ్చాను. దారిలో అనంతగిరి దగ్గర తెలిసినవాళ్ళ కాఫీ తోటలో టెంట్ వేసుకుని పడుకున్నాను. ఆ రాత్రి నుంచి ఒకటే కోరిక. చెట్టూ కొండా అడ్డం లేకుండా నాలుగు వైపులా ఆకాశం నేల దాకా దిగే చోట ఒక్క రాత్రైనా పడుకోవాలని.

ఈ డిసెంబరులో 9 రోజులు సెలవు దొరికింది. జైసల్మేర్ నుంచి బయల్దేరి రామ్‌గఢ్, తనోట్, లోంగేవాలా చుట్టి మళ్ళీ రామ్‌గఢ్ మీదుగా జైసల్మేర్ రావాలని అనుకుంటున్నాను. మ్యాపులో చూస్తే మొత్తం 270 కిలోమీటర్ల దాకా ఉంది. తారు రోడ్డు మీద ఆ దూరం నాకు పెద్ద లెక్క కాదు. కానీ మధ్యలో రెండు రాత్రులు రోడ్డు వదిలి ఇసుక తిన్నెల్లో ఉండాలని ఉంది. భయం కూడా అక్కడే ఉంది.

సైకిల్ స్టీల్ ఫ్రేమ్‌ది. 38 మిల్లీమీటర్ల టైర్లు. వెనక క్యారేజీకి రెండు పక్కలా సంచులు, పైన టెంట్. నీళ్ళకు ఇప్పటికి మూడు సీసాలే పెట్టుకోగలను, కలిపితే రెండున్నర లీటర్లు.

రోజుకు ఎన్ని లీటర్లు కావాలి? దారిలో దొరుకుతాయా? ఇసుకలో ఈ టైర్లు నడుస్తాయా? చలి ఎంత ఉంటుంది? సైకిల్‌ని రైల్లో ఎలా పంపాలి? అక్కడికి వెళ్ళి వచ్చినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి.

ఇంకొకటి. అమ్మ భీమిలిలో ఉంటుంది. విషయం చెప్పగానే అరవలేదు, వద్దనలేదు. "అక్కడ నీకేమైనా అయితే ఎవరికి తెలుస్తుందే?" అని మాత్రం అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

వాల్తేరు పార్సిల్:

రైలు సంగతి నేను చెప్తానమ్మా. విశాఖ నుంచి భగత్ కీ కోఠీకి వారానికొక నేరు బండి ఉంది. భగత్ కీ కోఠీ అంటే జోధ్‌పూర్‌లోనే ఇంకో స్టేషను. అక్కడి నుంచి జైసల్మేర్ ఇంకా దాదాపు 300 కిలోమీటర్లు, రైలూ బస్సూ రెండూ ఉంటాయి.

సైకిల్‌ని నీ టికెట్ మీద లగేజీగా బుక్ చెయ్యి, విడిగా పార్సిల్‌గా వద్దు. లగేజీ అయితే నీ బండిలోనే వస్తుంది. ముందు రోజే పార్సిల్ ఆఫీసుకు వెళ్ళి బ్రేక్ వ్యాన్‌లో, అంటే రైల్లో సామాను పెట్టే పెట్టెలో, చోటు ఉందో లేదో కనుక్కో. పెడల్స్ విప్పి, హ్యాండిల్ పక్కకు తిప్పి, గేర్లున్న వైపు అట్టముక్క కట్టి గోనె చుట్టించు. పేరు, స్టేషను, రసీదు నంబరు అట్ట మీద రాసి రెండు చోట్ల కట్టు. ఒకటి ఊడిపోయినా ఇంకొకటి ఉంటుంది. దించేటప్పుడు నువ్వే బ్రేక్ వ్యాన్ దగ్గర నిలబడు.

గ్యాస్ డబ్బాలు, కిరోసిన్, స్పిరిట్ రైల్లో తీసుకెళ్ళకూడదు. పొయ్యి మాత్రం సంచిలో పెట్టుకో, మండేది అక్కడ కొనుక్కో.

ఉక్కునగరం బాబాయ్:

తల్లీ, నేను స్టీల్ ప్లాంట్ కోక్ ఓవెన్స్‌లో, అంటే బొగ్గును కోక్‌గా మార్చే కొలిమిల దగ్గర, 31 ఏళ్ళు పని చేసి రిటైరయ్యాను. రెండేళ్ళ క్రితం డిసెంబరులో సరిగ్గా నువ్వు చెప్పిన దారిలోనే ఒక్కడినే వెళ్ళాను. అప్పటికి నాకు 60. ఐదు రాత్రులు ఉన్నాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

అన్నిటికంటే ముందు నీళ్ళు. మన విశాఖ ఒంటికి ఎడారిలో ఒక మోసం జరుగుతుంది. ఇక్కడ బీచ్ రోడ్డులో పది కిలోమీటర్లు తొక్కితే చొక్కా పిండుకోవాలి. గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, కారుతుంది. కారుతోంది కాబట్టి తాగాలని మనకు గుర్తొస్తుంది. థార్‌లో గాలి పొడి. చెమట పుట్టిన చోటే ఆరిపోతుంది. పైగా డిసెంబరు, గాలి చల్లగా తగులుతుంటుంది. ఒళ్ళు తడవదు, దాహం తెలియదు, ఉక్కపోత లేదని హాయిగా తొక్కుకుంటూ పోతాం. ఆ కోక్ ఓవెన్ల వరస మీద పని చేసేటప్పుడు ఆ వేడికి చెమట ఎగిరిపోయి యూనిఫాం మీద తెల్లటి ఉప్పు చారలు మిగిలేవి. జైసల్మేర్ వదిలిన మొదటి రోజు మధ్యాహ్నం చొక్కా విప్పి చూస్తే వీపు మీద అవే చారలు. అప్పటికి నేను తాగింది లీటరున్నర. ఆ చారలు చూసి కూడా నేను జాగ్రత్తపడలేదు. దాని ఫలితం రెండో రోజు చూశాను.

ముందు లెక్క చెప్తాను. డిసెంబరులో తాగడానికి 5 లీటర్లు, వంటకూ మిగతా వాటికీ 2. రోజుకు 7 పెట్టుకో. ఇసుకలో సైకిల్ తోసే రోజు తాగేదే 7 అవుతుంది. రోడ్డు వదిలి రెండు రోజులు ఉండాలంటే 14 లీటర్లు, అంటే 14 కిలోలు. నీ రెండున్నర లీటర్లు భీమిలికి చాలవచ్చు, అక్కడ చాలవు. ఆ 14నీ ఒకే క్యాన్‌లో పొయ్యకు. ఒక్క ముల్లు గుచ్చుకున్నా, మూత వదులైనా మొత్తం పోతుంది. నేను రెండు లీటర్ల సీసాలు పెట్టుకున్నాను. ముందు ఫోర్కుకు రెండు వైపులా ఒక్కొక్కటి, ఫ్రేమ్ మధ్యలో ఒకటి, మిగతావి వెనక సంచుల అడుగున. బరువంతా వెనక పైకి కడితే ఇసుకలో ముందు చక్రం మాట వినదు.

వట్టి నీళ్ళే లీటర్లకు లీటర్లు తాగినా ప్రమాదమే, ఒంట్లో ఉప్పు పలచబడుతుంది. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు రోజుకు రెండు చొప్పున పెట్టుకో. అవి అయిపోతే లీటరు నీళ్ళకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చిన్న చెంచా, తలగొట్టి. చేతి కొలత వద్దు. దాహాన్ని నమ్మకు, మూత్రాన్ని నమ్ము. ముదురు రంగులో ఉన్నా, నాలుగైదు గంటలు రాకపోయినా ఆగి తాగాల్సిందే.

ఇప్పుడు రెండో రోజు సంగతి. రామ్‌గఢ్‌లో టీ తాగుతుంటే ఒకాయన చెప్పాడు, రోడ్డు నుంచి పడమరగా ఒంటెలు నడిచే బాట ఉందని, ఏడెనిమిది కిలోమీటర్లు వెళ్తే ఒక ధాణీ ఉందని, అక్కడ నీళ్ళుంటాయని. ధాణీ అంటే ఎడారిలో రెండు మూడు ఇళ్ళ చిన్న నివాసం. నా దగ్గర 9 లీటర్లున్నాయి. ఎలాగూ అక్కడ నింపుకుంటాను కదా అని ఇంకో రెండు సీసాలు ఖాళీగానే ఉంచేశాను, బరువు తగ్గుతుందని. ఆ రెండు సీసాల గురించి ఇప్పటికీ రాత్రుళ్ళు గుర్తొస్తుంది.

మొదటి రెండు కిలోమీటర్లు గట్టి నేల, తొక్కాను. తర్వాత ఇసుక. ఆ తర్వాత ఇంకా మెత్తటి ఇసుక. దిగి తోశాను. నిండు సామానుతో సైకిల్ 40 కిలోల పైన ఉంది. ఇరవై అడుగులు తోయడం, ఆగడం. ఆరు కిలోమీటర్లకు మూడు గంటలు పట్టింది. ధాణీ కనిపించేసరికి మధ్యాహ్నం రెండున్నర. వెళ్ళి చూస్తే తలుపులకు తాళాలు. మేకల దొడ్డి ఖాళీ. మందను తోలుకుని మేత ఉన్న చోటికి వెళ్ళిపోయినట్టున్నారు. వాకిట్లో టాంకా ఉంది. అంటే నేలలో గుండ్రంగా తవ్వి, లోపల గచ్చు చేసి, చుట్టూ పళ్ళెంలా వాలు పెట్టి వాన నీటిని లోపలికి దింపుకునే తొట్టి. దాని రేకు మూతకూ తాళమే. ఆ ప్రాంతంలో ఏడాదికి పడే వాన 200 మిల్లీమీటర్లకు లోపే. మన దగ్గర ఒక్క తుపానుకు అంత పడిన రోజులు చూశాం. ఆ తొట్టి ఆ ఇంటివాళ్ళకు ఏడాది బతుకు. తాళం మీద చెయ్యి కూడా వెయ్యలేదు.

నా దగ్గర అప్పటికి మూడున్నర లీటర్లు మిగిలాయి. ఇక్కడ జరిగింది జాగ్రత్తగా విను. నాకు భయం వెయ్యలేదు. "ఇంకొంచెం ముందుకు పోతే ఇంకో ధాణీ ఉంటుంది" అనిపించింది. చాలా ధైర్యంగా అనిపించింది. ఫోన్‌లో దింపుకున్న మ్యాపు తీసి చూశాను, దక్షిణాన్ని పడమర అనుకున్నాను. మళ్ళీ చూశాను, మళ్ళీ అదే తప్పు. అప్పుడు తట్టింది, పొద్దున్నుంచి మూత్రానికి వెళ్ళలేదని. నాలుక పెదాలకు అంటుకుంటోంది. ఎవరూ లేని చోట ఎవరి మీదో చిరాకు పడుతున్నాను. ప్లాంట్‌లో వేడి దెబ్బ తగిలిన కుర్రాళ్ళను నీడకు మోసుకెళ్ళేవాణ్ణి. వాళ్ళు "నాకేం కాలేదు, వదలండి" అని కసురుకునేవాళ్ళు. అచ్చం వాళ్ళలాగే ఉన్నాను. ఆ మాట మనసులోకి రాకపోయి ఉంటే ముందుకే పోయేవాడిని.

ధాణీ గోడ నీడలో గంటసేపు పడుకున్నాను. లీటరు నీళ్ళలో ఓఆర్‌ఎస్ కలిపి గుక్కగుక్కగా తాగాను. ఎండ తగ్గాక నా చక్రాల జాడ పట్టుకుని వెనక్కి తిరిగాను. చీకటి పడ్డాక జాడ కనపడలేదు. లైటు వేసుకుని వెతుక్కుంటూ పోతే దారి తప్పుతానని అక్కడే ఆగిపోయాను. తూర్పున దూరంగా గాలిమరల మీద ఎర్ర దీపాలు కనిపించాయి. జైసల్మేర్ చుట్టుపక్కల వందల గాలిమరలున్నాయి, రాత్రి వాటి దీపాలు చాలా దూరం కనిపిస్తాయి. పడుకునే ముందు సైకిల్‌ని ఆ దీపాల వైపు తిప్పి పడుకోబెట్టాను, పొద్దున్న లేచాక ఎటు పోవాలో సందేహం రాకూడదని. తెల్లవారుజామున ఇసుక మంచుకు కొంచెం బిగుసుకుంది, తోయడం సులువైంది. తారు రోడ్డు ఎక్కేసరికి నా దగ్గర ఉన్నది అర లీటరు పైన కొంచెం. పాల క్యాన్ల జీపు ఆపి నీళ్ళు అడిగాను. ఆ డ్రైవరు ముందు మజ్జిగ ఇచ్చాడు, తర్వాత నీళ్ళు ఇచ్చాడు, ఆ తర్వాత తిట్టాడు.

అందుకని నేను నీకు చెప్పే లెక్క ఒక్కటే. రోడ్డు దిగే ముందు నీళ్ళను మూడు వాటాలు చెయ్యి. ఒక వాటా పోవడానికి, ఒక వాటా రావడానికి. మూడో వాటా సీసాలకు ఎర్ర టేపు చుట్టు. వాటి మూత తియ్యాల్సి వచ్చిందంటే అప్పటికే ఏదో తప్పు జరిగిందని అర్థం. మొదటి వాటా అయిపోయిన చోటు నుంచి వెనక్కి తిరిగెయ్యి. ఎదురుగా ఊరు కనిపిస్తున్నా సరే. అవతల నీళ్ళున్నాయని ఎవరు చెప్పినా, మ్యాపులో బావి బొమ్మ ఉన్నా, దాన్ని లెక్కలో కలపకు. దొరికితే అదనం.

దారిలో నీళ్ళ సంగతి. రామ్‌గఢ్‌లో దుకాణాలున్నాయి. తనోట్‌లో అమ్మవారి గుడి ఉంది, దాన్ని బీఎస్ఎఫ్ వాళ్ళే చూసుకుంటారు, నాకు అక్కడ నీళ్ళు దొరికాయి. రామ్‌గఢ్ వైపు ఇందిరాగాంధీ కాలువ నీళ్ళు వస్తాయి. ఎక్కడో పంజాబ్‌లో హరికే దగ్గర మొదలై ఇంత దూరం వస్తాయి. ఫిల్టరు లేకుండా తాగకు. ఇంకో సంగతి, చేతి ఫిల్టరు క్రిములను ఆపుతుంది కానీ ఉప్పును ఆపదు. అక్కడ చాలా బావుల్లో నీళ్ళు ఉప్పగా ఉంటాయి, ఫ్లోరైడ్ కూడా ఎక్కువ. మరిగించినా అవి పోవు. నోట్లో పోసుకుని ఉప్పగా అనిపిస్తే ఉమ్మెయ్యి, దాహం ఇంకా పెరుగుతుంది.

టైర్లు. 38 మిల్లీమీటర్లతో మెత్తటి ఇసుకలో తొక్కలేవు. నీ ఫ్రేములో పడితే 50 వేయించు. గాలి బాగా తగ్గిస్తే టైరు పరుచుకుని కాస్త తేలుతుంది, తారు రోడ్డు ఎక్కగానే మళ్ళీ కొట్టుకోవాలి. అందుకే మంచి పంపు కావాలి. 50 వేసినా పెద్ద తిన్నెలు తోయాల్సిందే, గంటకు రెండు కిలోమీటర్లని లెక్క వేసుకో. అసలు బాధ ముళ్ళు. మన పల్లేరు కాయలే అక్కడా ఉన్నాయి, సర్కారు తుమ్మ ముళ్ళు కూడా. నాకు ఐదు రోజుల్లో 7 పంచర్లు. సైకిల్‌ని రోడ్డు పక్కకు దించేటప్పుడు ఎత్తి పట్టుకో, దొర్లించకు. ట్యూబుల్లో చిల్లు పూడ్చే సీలెంట్ పోయించు, టైరు లోపల పట్టీ వేయించు, మూడు ట్యూబులు అదనంగా పెట్టుకో. చైనుకు జిడ్డు నూనె వద్దు, ఇసుక అంటుకుని ఉప్పుకాగితంలా అరగదీస్తుంది. మైనం రకం వాడు. పాత టూత్ బ్రష్ ఒకటి పెట్టుకో, చైనుకూ టెంట్ జిప్పుకూ రెండింటికీ. జిప్పులో ఇసుక పడితే పళ్ళు పట్టవు, రాత్రంతా తలుపు తెరిచే పడుకోవాలి.

టెంట్ మేకులు ఇసుకలో నిలబడవు. గుడ్డ సంచులు ఆరు కుట్టించుకుని, ఇసుక నింపి, తాడు కట్టి అడుగు లోతున పాతిపెట్టు. తిన్నె శిఖరం మీద గాలి, రెండు తిన్నెల మధ్య పల్లంలో చలి దిగి నిలుస్తుంది. గాలికి వెనక వైపు, వాలు మొదలయ్యే చోట వేసుకో.

చలి. డిసెంబరు చివర్లో, జనవరిలో రాత్రి 5, 6 డిగ్రీలకు దిగుతుంది, ఒక్కోసారి ఇంకా తక్కువ. పగలు 24, 25 ఉన్న ఇసుక సూర్యుడు దిగిన గంటలో చల్లబడిపోతుంది. మబ్బూ తేమా లేక వేడిని పట్టి ఉంచేది ఏదీ ఉండదు. కింద పరుపు మందంగా ఉండాలి, చలి కింది నుంచే ఎక్కుతుంది. నీ స్లీపింగ్ బ్యాగు చాలుతుందో లేదో తెలియాలంటే ముందు లంబసింగిలో ఒక రాత్రి పడుకుని చూడు. అక్కడ వణికితే ఇక్కడికి బస్సు ఉంది.

మార్చి తర్వాత మాత్రం ఎవరు పిలిచినా వెళ్ళకు. ఆ జిల్లా పక్కనే ఉన్న ఫలోదీలో 2016 మే 19న 51 డిగ్రీలు నమోదైంది.

చెట్లు కొట్టకు. అక్కడ ఖేజ్‌డీ అనేది మనం దసరాకు పూజ చేసే జమ్మే. 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజడ్లీలో ఆ చెట్లను కావలించుకుని 363 మంది బిష్ణోయ్‌లు ప్రాణాలిచ్చారు. ఎండుపుల్ల ఏరుకోవాలన్నా దగ్గర్లో ఇల్లుంటే అడుగు. నేను పొయ్యే తీసుకెళ్ళలేదు. అటుకులు, కందిపొడి, సున్నుండలు, ఒక కిలో మాడుగుల హల్వా. హల్వా చలికి గట్టిపడుతుంది కానీ పాడవదు. పొద్దున్నే రెండు ముక్కలు తింటే పది గంటల దాకా కాళ్ళలో బలం ఉంటుంది.

జైసల్మేర్‌కు పడమట డెసర్ట్ నేషనల్ పార్కు ఉంది. అటవీ శాఖ అనుమతి లేకుండా అందులో టెంట్ వెయ్యకూడదు. మన రోళ్ళపాడులో ఏ బట్టమేక పిట్ట కోసం అభయారణ్యం పెట్టారో, దేశంలో మిగిలిన వాటిలో ఎక్కువ భాగం ఇప్పుడు ఆ జైసల్మేర్ నేల మీదే ఉన్నాయి. నాకు ఒక్కటీ కనపడలేదు. మళ్ళీ వెళ్ళాలన్న కోరిక ఇంకా ఉందంటే దాని కోసమే.

భీమిలి రోడ్డు:

బాబాయ్ గారు నీళ్ళ గురించి చెప్పాక నేను కలిపేది లేదు. ఆడపిల్లగా వెళ్ళినదాన్ని కాబట్టి అది చెప్తాను చెల్లీ. నేను జైసల్మేర్ దగ్గరి ఖూరీ అనే ఊరి వైపు మూడు రాత్రులు ఒక్కదాన్నే ఉన్నాను.

సమ్ తిన్నెల దగ్గర వద్దు. వరసగా రిసార్టు టెంట్లు, రాత్రి దాకా పాటలు, జీపులు. జనం ఉన్నారు కదా అని ధైర్యం అనిపిస్తుంది, కానీ నాకు భయం వేసింది అక్కడే. జనం లేని చోట ఎప్పుడూ వెయ్యలేదు.

నేను రెండు రకాలుగా పడుకున్నాను. ఒకటి, ధాణీలో అడిగి. మగవాళ్ళు ఎదురైనా నమస్కారం పెట్టి, ఇంట్లో ఆడవాళ్ళు ఉన్నారా అని హిందీలో అడిగేదాన్ని. "రామ్ రామ్ సా" అంటే చాలు, మొహాలు విప్పారతాయి. ఒక పెద్దావిడ నా టెంట్‌ని తన వాకిట్లోనే వేయించింది. సజ్జ రొట్టె మీద నెయ్యి పోసి ఇచ్చింది. మా ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి సగమే అర్థమైంది. డబ్బు ఇస్తే తీసుకోలేదు, పిల్లలకు పెన్సిళ్ళు ఇస్తే తీసుకుంది. ఊరి కుక్కలు మాత్రం మందల్ని కాసేవి, సైకిల్‌ని చూస్తే మీదికొస్తాయి. దిగి, సైకిల్‌ని మధ్యలో పెట్టుకుని నడువు.

రెండోది, ఎవరికీ కనపడకుండా. రోడ్డు మీద ముందూ వెనకా బండి లేనప్పుడు మాత్రమే దిగు. ఇసుకలో చక్రాల జాడ ఉండిపోతుంది, దిగిన చోట పాతిక అడుగులు చీపురు గడ్డితో చెరిపేసేదాన్ని. దీపం వెలిగించకుండానే పడుకునేదాన్ని. రోజూ మనం ఎక్కడ పడుకుంటామో దారిలో టీ కొట్టులో అడిగినవాళ్ళకు నిజం చెప్పక్కర్లేదు.

నెలసరి రోజులు ఆ తేదీల్లో పడతాయేమో చూసుకో. కప్పు వాడితే కడగడానికి మంచి నీళ్ళు వేరుగా లెక్క వేసుకోవాలి. ప్యాడ్లయితే జిప్ కవర్లో వెనక్కి తెచ్చుకోవాలి, ఇసుకలో పాతితే గాలికి బయటపడతాయి.

పాముల గురించి అడగలేదు కానీ అడుగుతావు. పింజర జాతిలో చిన్నది ఒకటి ఉంది, పొలుసులు రుద్దుకుంటూ రంపం కోసినట్టు చప్పుడు చేస్తుంది. చలికాలంలో తిరగడం తక్కువ. అయినా బూట్లు టెంట్ లోపల పెట్టుకో, రాత్రి లైటు లేకుండా కాలు బయట పెట్టకు.

మధురవాడ రైడర్:

బాబాయ్ గారూ, మీరు రాసింది మూడుసార్లు చదివాను. ఆ ఖాళీ సీసాల దగ్గర ఆగిపోయాను, ఎందుకంటే నేనూ అదే చేసేదాన్ని. అక్కా, మీకు కూడా థాంక్స్, ఇవి ఎవరిని అడగాలో తెలియక టెన్షన్ పడ్డాను.

రెండు సందేహాలు మిగిలాయి. ఫోన్ సిగ్నల్ లేని చోట ఏం చెయ్యాలి? ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపే చిన్న పరికరాలు ఉంటాయట, విదేశాల్లో ఒంటరిగా వెళ్ళేవాళ్ళు వాడతారట, ఒకటి తెప్పించుకోనా? రెండోది, ఇంత చదివాక రోడ్డు వదిలి రెండు రాత్రులు ఉండాలన్న ఆలోచన మానుకోవాలా?

ఉక్కునగరం బాబాయ్:

ఆ పరికరం వద్దు తల్లీ. మన దేశంలో ఉపగ్రహ ఫోన్లయినా, అలాంటి మెసేజ్ పరికరాలైనా టెలికాం శాఖ అనుమతి లేకుండా వాడటం నేరం. తెలియక తెచ్చుకున్న విదేశీ యాత్రికులు కూడా పోలీసుల చేతికి చిక్కారు. నువ్వు వెళ్ళేది పాకిస్తాన్ సరిహద్దు జిల్లా. డ్రోను కూడా అంతే. తనోట్ దాటి సరిహద్దు వైపు వెళ్ళాలంటే అనుమతి కావాలి. ఏ ఊళ్ళకు కావాలో జైసల్మేర్ కలెక్టరు ఆఫీసులో ఆ రోజే అడిగి తెలుసుకో, ఎవరో ఎప్పుడో రాసింది నమ్మకు. పోఖ్రాన్ దగ్గర సైన్యం ఫైరింగ్ చేసే నేల ఉంది, ఆ చుట్టుపక్కల అసలు ఆగకు.

అమ్మకు జవాబు ఇది. ఒక కాగితం మీద రోజుకొక గడి గియ్యి. ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ రోడ్డు, రాత్రి రోడ్డుకు ఏ వైపు, ఎంత దూరం లోపల, మర్నాడు ఎన్ని గంటలకు ఫోను. ఆ గంట దాటి మూడు గంటలు అయినా ఫోను రాకపోతే అమ్మ ఎవరికి చెయ్యాలో దాని కిందే రాయి. రామ్‌గఢ్‌లో పోలీసు స్టేషనుకు వెళ్ళి నీ పేరు, దారి చెప్పి ఆ స్టేషను నంబరు తీసుకో, అమ్మకు ఇవ్వు. భీమిలిలో కూర్చుని 112 కొడితే ఇక్కడి వాళ్ళు ఎత్తుతారు, అందుకని అక్కడి నంబరే కావాలి. కాగితంలో రాసింది మార్చాలనిపిస్తే, అమ్మకు చెప్పాకే మార్చు. చెప్పడానికి సిగ్నల్ లేకపోతే మార్చకు. నేను ఆ ఒంటెల బాట పట్టినప్పుడు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మా ఆవిడకు నేను తనోట్ రోడ్డులో ఉన్నాననే లెక్క. వెతకడానికి వచ్చినా వేరే చోట వెతికేవాళ్ళు. నీళ్ళు అయిపోవడం కన్నా అదే పెద్ద తప్పు అని ఇంటికొచ్చాక నాకు అర్థమైంది.

రోడ్డు వదలడం మానుకోవద్దు. దాని కోసమే కదా వెళ్తున్నావు. నాకు కూడా నాలుగో రాత్రి దొరికింది అది, లోంగేవాలా నుంచి వస్తూ. రోడ్డుకు ఒకటిన్నర కిలోమీటరు లోపల, 11 లీటర్లు పక్కన పెట్టుకుని. గాలి ఆగిపోయాక నా చెవిలో నా రక్తం చప్పుడు నాకే వినిపించింది. అంత నిశ్శబ్దం ఉంటుందని 60 ఏళ్ళు నాకు తెలియదు. నువ్వు కూడా ఒకటిన్నర, రెండు కిలోమీటర్లు మించకు. దూరం పెరిగితే ఆకాశం ఏమీ పెరగదు. ఒక రాత్రి అలా, ఒక రాత్రి ధాణీలో. మూడో రాత్రి సంగతి అప్పటి నీ ఒంటిని బట్టి.

వెళ్ళే ముందు ఒక పని ఉంది. 14 లీటర్లు కట్టుకుని ఇసుకలో ఒక్కసారైనా తోసి చూడాలి. ఎర్రమట్టి దిబ్బల మీద మాత్రం కాదు, అవి కాపాడుకోవాల్సిన నేల, చక్రం పెట్టకూడదు. ఈ ఆదివారం పొద్దున్న 5:30కి తొట్లకొండ కింద బీచ్ రోడ్డు మీద ఉంటాను, మా అబ్బాయి కూడా వస్తాడు. అమ్మను కూడా తీసుకురా. నీళ్ళు తగలని పొడి ఇసుకలో అర కిలోమీటరు తోద్దువు గాని. సముద్రపు ఉప్పు చైనుకు పట్టకుండా ఇంటికెళ్ళగానే కడిగెయ్యి.

మధురవాడ రైడర్:

వస్తాం బాబాయ్ గారూ. అమ్మకు కాగితం సంగతి చదివి వినిపించాను. గడులు తనే గీస్తానంది, స్కేలు పెట్టుకుని కూర్చుంది. రెండు లీటర్ల సీసాలు నా దగ్గర మూడే ఉన్నాయి, మిగతావి రేపు కొంటాను.

ఉక్కునగరం బాబాయ్:

రెండే కొను. ఆ రోజు ఖాళీగా ఉంచేసిన సీసాలు రెండూ నా దగ్గరే ఉన్నాయి. ఎర్ర టేపు చుట్టి తెస్తాను. నిండా పోసుకుని తీసుకెళ్ళు.